మ్యాప్ అంటే భయపడే పాపకు ముందు ఇంటి దారి గీయించండి

ప్రశ్న: సార్, మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. బోర్లు ఎండిపోయి ఆరేళ్ల కిందట అనంతపురం వచ్చేశాం. మా ఆయన ఆటో తోలుతాడు, నేను ఇంట్లో మిషన్ కుడతాను. పాప ఎనిమిదో తరగతి. లెక్కలు, సైన్సు బాగానే చదువుతుంది. సోషల్‌లో భూగోళం దగ్గరికి వచ్చేసరికి ఏడుపు ముఖం పెడుతుంది. స్కేలు, అక్షాంశం, జనసాంద్రత, వలస, ఆవాసం అని అన్నీ బట్టీ కొడుతుంది, తెల్లారేసరికి మరిచిపోతుంది. మొన్న పరీక్షలో మ్యాప్ పాయింటింగ్ మొత్తం వదిలేసి వచ్చింది. మ్యాప్ ముందు కూర్చుంటేనే టెన్షన్ అంటుంది. ట్యూషన్ పెట్టే స్తోమత లేదు. నేను పదో తరగతి వరకే చదివాను. ఇంట్లో నేనేమైనా చెప్పగలనా?
ఒక తల్లి, అనంతపురం

జవాబు: అమ్మా, తప్పకుండా చెప్పగలరు. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పాప పుస్తకంలో ఉన్న పాఠం సగం మీరే రాసేశారు. ఊళ్లో బోర్లు ఎండిపోవడం మిమ్మల్ని బయటికి నెట్టింది. అనంతపురంలో ఆటోకు గిరాకీ, మిషన్‌కు పని, పాపకు బడి ఇటు లాగాయి. నెట్టేవాటిని వికర్షక కారకాలంటారు, లాగేవాటిని ఆకర్షక కారకాలంటారు. మొత్తానికి పేరు వలస. ఈ మూడు మాటల్నీ పాప బట్టీ కొడుతోందంటే, అవి తన ఇంటి సంగతేనని ఇంతవరకూ ఎవరూ చెప్పి ఉండరు.

నేను కర్నూలు, అనంతపురం జిల్లాల హైస్కూళ్లలో ముప్పై ఏళ్లకు పైగా సోషల్ చెప్పి రిటైరయ్యాను. భూగోళానికి భయపడే పిల్లల్ని చాలామందిని చూశాను. చాలావరకు కారణం ఒకటే. వాళ్లకు ముందు పేరు చెబుతాం, ఆ పేరున్న వస్తువును తర్వాతెప్పుడో చూపిస్తాం, ఒక్కోసారి చూపించనే చూపించం. మీరు దీన్ని తిరగేయండి. పాప ముందు వస్తువును చూడాలి, పేరు ఆ తర్వాత వినాలి.

ఈ ఆదివారం అట్లాసు తీయొద్దు. ఒక తెల్లకాగితం ఇచ్చి ఇంటి నుంచి బడి దాకా దారి గీయమనండి. ఎలా గీయాలో చెప్పకండి, పక్కన కూర్చుని దిద్దకండి.

ఏటా బడి తెరిచిన మొదటి వారంలో నేను పిల్లలకు ఇదే పని ఇచ్చేవాణ్ణి. ఒకసారి ఏడో తరగతి పిల్లాడొకడు కాగితం మధ్యలో సగానికి పైగా ఒక వంక, అంటే చిన్న వాగు, గీశాడు. ఇల్లు ఒక మూల, బడి ఇంకో మూల, రెండూ అగ్గిపెట్టెలంత. పక్క పిల్లలు నవ్వారు. నిజానికి ఆ వంక పది అడుగుల వెడల్పు కూడా ఉండదు. ఎందుకురా ఇంత పెద్దగా గీశావంటే, "వాన పడితే అది దాటలేను సార్, నాలుగు రోజులు బడికి రాలేను" అన్నాడు. మనిషి తన మనసులో మోసుకు తిరిగే ఇలాంటి పటాన్ని మానసిక పటం అంటారు. కొలతల లెక్కన అది తప్పే. కానీ ఆ పల్లెకు ఒక కల్వర్టు కావాలని మా గోడ మీది జిల్లా మ్యాపు ఎన్నడూ చెప్పలేదు, ఆ కాగితం చెప్పింది. దాన్ని తరగతి గోడకు అంటించాను, ఆ ఏడాదంతా అక్కడే ఉంచాను.

పాప గీశాక మాట్లాడటం మొదలుపెట్టండి. పొద్దున మన వీధిలో సూర్యుడు ఎవరి మిద్దె వెనక నుంచి లేస్తాడు? అది తూర్పు. తూర్పుకు ఎదురుగా నిలబడితే ఎడమ చేతి వైపు ఉత్తరం. ఇప్పుడు కాగితం మీద ఉత్తరానికి ఒక బాణం వేయమనండి. పటాల్లో పై వైపు ఉత్తరం పెట్టడం కేవలం అలవాటు, అందుకే బాణం గుర్తు అవసరం. గుడిని ఎలా గీశావు, మసీదును ఎలా గీశావు, బోరింగును ఎలా గీశావని అడగండి. ఏదో ఒక గుర్తు వేసే ఉంటుంది. దేశమంతా ఒకే గుర్తు వాడదామని ఒప్పుకుంటే అవి సంప్రదాయ చిహ్నాలు. ఆ గుర్తులకు అర్థాలు రాసి మూలన పెట్టే పెట్టె పేరు సూచిక.

తర్వాత దూరం. పాపను నడవమనండి, అడుగులు లెక్కపెట్టమనండి. వంద అడుగులకు కాగితం మీద ఒక సెంటీమీటరు అని మీరిద్దరూ అనుకుని మళ్లీ గీయిస్తే అదే స్కేలు. మీ చేతిలో టేపు ఉండనే ఉంది, ఈ పాఠం మీకంటే బాగా ఎవరు చెబుతారు?

స్కేలులో పిల్లలు ఎప్పుడూ జారిపడే చోటు ఒకటుంది. పెద్ద స్కేలు పటం అంటే పెద్ద ప్రాంతాన్ని చూపించేది అనుకుంటారు. సంగతి తిరగబడి ఉంటుంది. ఒక ఓళిగను రెండు ముక్కలు చేస్తే ఒక్కో ముక్క పెద్దది, పది ముక్కలు చేస్తే ఒక్కోటి చిన్నది. స్కేలు కూడా భిన్నమే. 1:50,000 అంటే నేలలో యాభై వేలో వంతు, 1:10,00,000 అంటే పది లక్షలో వంతు. యాభై వేలో వంతు ముక్క పెద్దది, కాబట్టి అది పెద్ద స్కేలు. అందులో తక్కువ నేల పడుతుంది కానీ చెరువుకట్ట, బావి, బండిబాట కూడా కనిపిస్తాయి. మీ పొలానికి సర్వే వాళ్లు ఇచ్చిన ఎఫ్ఎంబీ (పొలం కొలతల పటం) నకలు ఇంట్లో ఉంటే తీయండి. అది ఇంకా పెద్ద స్కేలు. దేశం మ్యాపులో మీ పల్లెకు చుక్క కూడా దొరకదు, ఎఫ్ఎంబీలో మీ గట్టు మలుపు కూడా ఉంటుంది.

మ్యాపు మీద వంకర దారిని కొలవాలంటే మీ కుట్టుపెట్టెలోని దారం చాలు. జిల్లా మ్యాపులో అనంతపురం నుంచి కళ్యాణదుర్గం దాకా రోడ్డు వెంట దారం పరిచి, దాన్ని లాగి, కింద గీసిన స్కేలు పట్టీ మీద పెట్టి చూడమనండి. 60 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూగా వస్తుంది. ఎన్నోసార్లు బస్సులో పోయిన దారి తన దారంతో తేలితే పాప ముఖం ఎలా వెలుగుతుందో చూడండి.

ఇక టోపోషీట్, అంటే నేల ఎత్తుపల్లాలు, వాగులు, దారులు, ఊళ్లు అన్నీ చూపించే పెద్ద స్కేలు పటం. సర్వే ఆఫ్ ఇండియా పటాలు ఆ సంస్థ వెబ్‌సైటులో దొరుకుతాయి, ఫోనులో చూడవచ్చు. 1767లో మొదలైన సంస్థ అది. పాత నంబర్ల పద్ధతిలో మన సీమ చాలావరకు 57వ నంబరు కింద వస్తుంది. అనంతపురం 57 ఎఫ్, కడప 57 జె, కర్నూలు 57 ఐ. ఈ కొలతల కోసం 1802లో మద్రాసులో బయలుదేరిన బ్రిటిష్ సర్వేయరు లాంబ్టన్ జట్టు గుత్తి ప్రాంతం మీదుగానే ఉత్తరానికి సాగింది.

ఆ షీటులో పాపకు రంగులు చూపించండి. పచ్చ అడవి, పసుపు సాగు నేల, ఎరుపు రోడ్లు, ఇళ్లు. నీళ్ల దగ్గర మాత్రం ఆగండి. ఏడాది పొడవునా నీళ్లుండే వాగుకు నీలం వాడతారు, ఎండిపోయే వాగుకు నలుపు. మన వైపు షీటు తెరిస్తే నల్లటి వంకలే ఎక్కువ. బదిలీ మీద వచ్చిన ఒక టీచరు ఇవి బాటలేమో అనుకున్నారు. పక్కనున్న పిల్లలు "కాదు సార్, అది మా వంక, ఎండాకాలం ఇసుక తోలేది" అని చెప్పారు. కరువు గురించి పది పేజీలు చదివినా రానిది ఆ ఒక్క రంగు చూస్తే వస్తుంది.

గోధుమ రంగు గీతలు సమోన్నత రేఖలు, కాంటూర్లు అంటారు. ఒక గీత మీద ఉన్న చోట్లన్నీ ఒకే ఎత్తు. యాభై వేల స్కేలులో మామూలుగా గీతకూ గీతకూ 20 మీటర్ల తేడా. దగ్గర దగ్గరగా ఉంటే నిట్టనిలువు, దూరదూరంగా ఉంటే వాలు తక్కువ. ఉద్యోగంలో చేరిన కొత్తలో పెనుకొండ వైపు పిల్లల్ని నడిపించుకుపోయాను. మ్యాపు మీద 3 సెంటీమీటర్లు, అంటే కిలోమీటరున్నర, అరగంట చాలన్నాను. గీతలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయని చూడలేదు. గుట్ట ఎక్కి దిగేసరికి రెండు గంటలు పట్టింది, సీసాల్లో నీళ్లైపోయి చిన్న పిల్లలు నీరసపడ్డారు. ఆ రోజు నుంచి దూరం కంటే ముందు గీతలు చూస్తాను, మీరూ పాపకు అదే నేర్పండి.

ఇంతవరకు చెప్పింది పటం చదవడం గురించి. మానవ భూగోళానికి ఒకే ఒక్క ప్రశ్న పట్టుకోండి: "ఇక్కడే ఎందుకు?" మనుషులు ఎక్కడున్నారు, ఏం పండిస్తున్నారు, ఎటు పోతున్నారు అనే పాఠాలన్నీ ఈ ప్రశ్నకు జవాబులే.

కర్నూలు ఇక్కడే ఎందుకు? తుంగభద్రలో హంద్రీ కలిసే చోట ఊరు ఉంది. ఊరు కూర్చున్న ఆ నేలను, నీటిని స్థలం అంటారు. చుట్టుపక్కల వాటితో దానికున్న సంబంధాన్ని పరిస్థితి అంటారు. ఆలంపురం గుడికి రాళ్లు తోలే బండ్లు ఏరు దాటే ముందు ఇక్కడ ఆగి ఇరుసులకు కందెన పూసుకునేవట, అందుకే కందనవోలు అనే పేరు వచ్చిందని చెప్పుకుంటారు. కథలో ఉన్నదంతా పరిస్థితే: దాటే రేవు, పోయే దారి. ఇవాళ హైదరాబాదు, బెంగళూరు మధ్య 44వ జాతీయ రహదారి మీద ఉండటం కూడా పరిస్థితే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయి 1956లో ఆ హోదా పోయింది. రాజధాని పోయినా స్థలం మారలేదు, పరిస్థితి మారింది. 2009 అక్టోబరులో వరద ఊళ్లోకి వచ్చినప్పుడు మాత్రం స్థలం గుర్తొచ్చింది, రెండు నదుల నడుమ కూర్చున్న ఊరు కదా. మీరుండే అనంతపురంలో నడిమి వంక, మరువ వంక ఎటు నుంచి ఎటు పోతాయో పాపను అడగండి. ఏ కాలనీలు వంక ఒడ్డున వచ్చాయో తనే చెబుతుంది.

ఇప్పుడు మీ పల్లె. మన సీమ పల్లెల్లో ఇళ్లు ఎక్కువగా ఒకే చోట గుంపుగా ఉంటాయి. అది కేంద్రీకృత ఆవాసం. ఊళ్లో పాత బురుజు ఉందా? పాళెగాళ్ల కాలంలో దోపిడీల భయానికి జనం బురుజు చుట్టూ చేరేవారు. తాగే నీళ్లు ఒకటి రెండు చోట్లే దొరకడం కూడా ఒక కారణం. పొలాల్లో అక్కడొకటి ఇక్కడొకటి ఉండే కొట్టాలు చెదిరిన ఆవాసాలు. రోడ్డు వెంట బారుగా పెరిగినవి రేఖీయ ఆవాసాలు. మూడింటికీ మీ మండలంలోనే ఉదాహరణలు ఉంటాయి.

పల్లెలో మీది మట్టి మిద్దెనా? నేను పెరిగింది అలాంటి ఇంట్లోనే. వానాకాలం ముందు మా నాయన చవుడు మట్టి తెచ్చి పైన పరిచేవాడు, అది తడిస్తే గట్టిపడి నీళ్లు దిగనిచ్చేది కాదు. వెలుతురుకు గవాక్షి ఉండేది. కప్పు చదునుగా ఎందుకుంది? అనంతపురంలో ఏడాదికి సగటు వాన 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. నైరుతి మబ్బులు పడమటి కనుమల అవతలే చాలావరకు కురిసిపోతాయి, ఈశాన్య రుతుపవనాల వాన తీరం నుంచి ఇంత దూరం వచ్చేసరికి పలచబడుతుంది. ఇలాంటి చోటును వర్షచ్ఛాయా ప్రాంతం అంటారు. ఇంత తక్కువ వానకు చదును కప్పు సరిపోతుంది, దాని మీద శనక్కాయలు, మిరపకాయలు ఎండబెట్టుకోవచ్చు, ఎండాకాలం పడుకోవచ్చు. వాన ఎక్కువ పడే కోస్తాలో పాత ఇళ్లకు ఏటవాలు కప్పులు. తాడిపత్రి, బేతంచెర్ల వైపు బండలు దొరుకుతాయి కాబట్టి అక్కడ కప్పుకూ బండలే. ఇల్లు చూసి వాననూ రాతినీ చెప్పడం వస్తే పాపకు ఈ సబ్జెక్టు వచ్చేసినట్టే.

జనసాంద్రత చిన్న విషయం. ఉన్న జనాన్ని ఉన్న నేలతో భాగించడమే. 2011 జనగణనలో అప్పటి అనంతపురం జిల్లాకు చదరపు కిలోమీటరుకు 213 మంది, కర్నూలుకు 230 మందికి దగ్గర, కడపకు 188, కృష్ణా జిల్లాకు 519. కృష్ణా ఎందుకు ఎక్కువో పాప చెప్పేస్తుంది, డెల్టా నీళ్లు. కడపలో వాన మనకంటే ఎక్కువే, మరి జనం తక్కువెందుకు? భౌతిక పటం తీసి చూడమనండి. నల్లమల, పాలకొండలు, శేషాచలం అక్కడ చాలా నేల ఆక్రమించాయి. సగటు ఎప్పుడూ ఏదో ఒకటి దాచిపెడుతుంది, దాన్ని ఇంకో పటంతో బయటికి లాగాలి. అట్లాసు ఏ సంవత్సరానిదో కూడా చూడండి. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి, పాత పటంలో ధర్మవరం ఇంకా అనంతపురం జిల్లాలోనే ఉంటుంది.

వలస గురించి ఇంకొక్క మాట. ఆదోని, కోసిగి వైపు జనం మిరప కోతలకు, పత్తి తీయడానికి గుంటూరు వైపు పోతారు. కోతలయ్యాక వెనక్కి వస్తారు. దాన్ని వాళ్లు "సుగ్గికి పోవడం" అంటారు. పుస్తకంలో ఉండే కాలానుగుణ వలస అదే. మీది ఊరు వదిలి వచ్చిన వలస, పల్లె నుంచి పట్టణానికి. రెండిటికీ తేడా అడిగితే, బడి మాన్పించి పిల్లల్ని వెంట తీసుకుపోవడం ఎందులో ఎక్కువ జరుగుతుందో కూడా మాట్లాడుకోండి. మార్కులకు పనికిరాకపోయినా పాపకు తెలియాలి.

అక్షాంశం, రేఖాంశం పిల్లలు ఎక్కువగా భయపడేవి. వీటికి మిద్దె చాలు. ఏప్రిల్ నెలాఖరులో, మళ్లీ ఆగస్టు రెండో వారంలో అనంతపురంలో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆగస్టులో మబ్బులుంటాయి, ఏప్రిలే మేలు. నీళ్ల సీసా ఒకటి చదునైన చోట నిలబెట్టి, పదకొండున్నర నుంచి పది నిమిషాలకోసారి నీడ కొసకు సుద్దతో గుర్తు పెట్టించండి. నీడ పొట్టిదవుతూ వచ్చి దాదాపు మాయమవుతుంది. మనం భూమధ్యరేఖకు ఉత్తరంగా 14 డిగ్రీల 40 నిమిషాల దగ్గర ఉన్నాం, సూర్యుడు ఆ రోజుల్లో అంతే ఉత్తరానికి వస్తాడు. అది అక్షాంశం. ఇప్పుడు గడియారం చూడమనండి. పన్నెండు కాదు, పన్నెండూ ఇరవైకి కాస్త అటూ ఇటూ. దేశమంతటికీ గడియారం కాకినాడకు దగ్గరగా పోయే 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం ప్రకారం నడుస్తుంది. మనం దానికి దాదాపు 5 డిగ్రీలు పడమరన ఉన్నాం. ఒక్కో డిగ్రీకి 4 నిమిషాలు, లెక్క సరిపోయింది. అది రేఖాంశం. పల్లెకు పోయిన రాత్రి ఉత్తరం వైపు ధ్రువ నక్షత్రాన్ని కూడా చూపించండి. చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు సుమారు 10 డిగ్రీలు. దిగంతం నుంచి ఒకటిన్నర పిడికిళ్ల ఎత్తున చుక్క ఉంటుంది. ఆ ఎత్తే మన అక్షాంశం.

ప్రక్షేపం అనే మాట పుస్తకంలో కనిపిస్తే మీరు కుట్టే జాకెట్టు చూపించండి. చదును గుడ్డ గుండ్రటి ఒంటికి అతకాలంటే టక్స్ వేయాలి, లేకపోతే ఎక్కడో ఒకచోట ముడత పడుతుంది. గుండ్రటి భూమిని చదును కాగితం మీదికి తెచ్చేటప్పుడూ అంతే, ఎక్కడో సాగుతుంది. 1569లో మెర్కేటర్ వేసిన పద్ధతిలో ధ్రువాల వైపు సాగదీత ఎక్కువ. అందుకే అందులో గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత కనిపిస్తుంది, నిజానికి ఆఫ్రికా దానికి 14 రెట్లు.

చివరికి పరీక్ష సంగతి. ఖాళీ భారతదేశం మ్యాపు ఇవ్వగానే పాప పెన్సిలుతో లేతగా రెండు గీతలు గీసుకోవాలి: అడ్డంగా 23½ డిగ్రీల కర్కటరేఖ, నిలువుగా 82½ డిగ్రీల రేఖ. రెండూ ఛత్తీస్‌గఢ్‌లో కలుస్తాయి. మ్యాపు నాలుగు భాగాలవుతుంది. ఏ ఊరు, ఏ నది అడిగినా ముందు ఏ భాగంలో ఉందో అనుకుని తర్వాత చుక్క పెట్టాలి. రోజుకు ఐదు చాలు. మీరు మిషన్ తొక్కుతూనే పేర్లు చెప్పవచ్చు, పాప వేలు పెట్టి చూపిస్తుంది. మొదట తుంగభద్ర, పెన్నలతో మొదలుపెట్టండి. పెన్న కర్ణాటకలో నందికొండల్లో పుట్టి మన జిల్లా మీదుగా, కడపలో గండికోట లోయ గుండా పోయి నెల్లూరు జిల్లాలో సముద్రంలో కలుస్తుంది. తెలిసిన నది గీసిన చెయ్యికి గోదావరి కష్టం కాదు.

ఆదివారం పాప గీసే ఆ మొదటి కాగితాన్ని పారేయకండి, ఫొటో తీసి నాకు పంపండి. ఇంటికీ బడికీ మధ్య తను దేన్ని పెద్దగా గీసిందో చూడాలని ఉంది.